పీతలు ఫొటోకి ఊరికే ఆగవు గురూ!

మాది శృంగవరపుకోట. కొండలు కావాలంటే అరకు, సముద్రం కావాలంటే భీమిలి, రెండూ దగ్గరే. పీతల్ని ఫొటో తీయడానికి అండమాన్ వెళ్తున్నానంటే మా అమ్మ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "అక్కడ చవకా?"

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో సుమారు రెండు గంటలు వెళ్తే నీల్ ఐలాండ్. 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు కానీ అందరూ నీల్ అనే అంటారు. బీచ్‌ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. మాకు దొరికిన పడవాయనది మూడు తరాల కిందటి శ్రీకాకుళం. అండమాన్‌లో మన ఉత్తరాంధ్రోళ్లు బాగానే ఉన్నారు.

సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు లక్ష్మణ్‌పూర్ రాళ్ల మీదకి వెళ్లాం. ఆకుపచ్చ ఒంటి మీద తెల్లగీతలు, ఎర్రటి డెక్కలు. ఫోన్ ఎత్తితే చాలు, మాయం! "తమ్ముడూ, ఎందుకలా ఎగబడతావు? కూకో. నీ నీడ దాని మీద పడనీకు" అన్నాడాయన. కూర్చున్నాను. పావుగంట తర్వాత ఒక్కోటీ బయటికొచ్చాయి. నేల మట్టానికి ఫోన్ పెట్టి, జూమ్ చేసి, బర్స్ట్‌లో కొట్టడమే. ఏ యాప్ నేర్పలేదు ఈ ట్రిక్!

మడ అడవి పక్క బురదలో ఫిడ్లర్ పీతలు ఇంకా తమాషా. మగదానికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత ఉంటుంది. అది ఊపి ఆడపీతల్ని పిలుస్తుంది. తినడానికి చిన్న డెక్కే దిక్కు.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం రంగుల్లేని శంఖం పీతని. దానికి వెనక భాగం మెత్తన, సొంత పెంకు ఉండదు. ఖాళీ శంఖం వెతుక్కుని దూరుతుంది, పెరిగితే ఇంకాస్త పెద్దది కావాలి. ఈ ఒక్కటి ప్లాస్టిక్ సీసా మూతలో దూరి నడుస్తోంది. ఫొటో బాగా వచ్చింది, నచ్చలేదు.

అదే రోజు మా బ్యాచ్‌లో ఒకడు గుప్పెడు శంఖాలు ఏరి బ్యాగ్‌లో వేశాడు. పర్మిట్ లేకుండా పట్టుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లో లాగేసుకుంటారని చెప్పినా వినలేదు. పడవాయన వాడి బ్యాగ్ అడిగి తీసుకున్నాడు. ఒక్కో శంఖం ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, లోపలికి చూసి ఇసకలో పెట్టాడు. ఏడింట్లో రెండు కాసేపటికి లేచి నడవడం మొదలెట్టాయి.