మందు పడుట

మన తెలుగులో ఒక చక్కని మాట ఉన్నది. ఔషధము రోగి శరీరమునకు సరిపోయిన “మందు పడింది” అంటాము. సరిపోకున్న “పడలేదు” అంటాము. నొప్పి తగ్గుట వేరు, మందు పడుట వేరు. ఈ భేదమును మేము పుస్తకముల వలన గాక, మా అమ్మ నడుము నొప్పి వలన గ్రహించినాము.

అమ్మ ఇరువది యేండ్లుగా దిల్‌సుఖ్‌నగర్ దుకాణములకు జాకెట్లు కుట్టి ఇచ్చేది. ఎల్.బి. నగర్‌లోని మా రెండు గదుల ఇంట కిటికీ ప్రక్కనే ఆమె కుట్టు మిషను. మా నలుగురి చదువులు ఆ మిషను మీదనే సాగినవి. క్రమముగా ఆమె నడుము పట్టివేయసాగినది. పిదప బాధ పిరుదు మీదుగా ఎడమ మడమ వరకు దిగినది. వెన్నుపూసల నడుమనుండు డిస్కు ఒకటి జారి నరము మూలమును ఒత్తుచున్నదని స్కానింగులో తేలినది. ఈ బాధను నేటి వైద్యులు సయాటికా అంటారు. ఆయుర్వేదము గృధ్రసి అన్నది. యునానీ హకీములు ఇర్ఖున్నసా అంటారు. మూడు వైద్యములలోను పేరున్నదంటే మానవుడు దీనితో ఎంతకాలముగా వేగుచున్నాడో ఊహింపవచ్చును.

మొదట డైక్లోఫెనాక్ ఇచ్చినారు. వాపును తగ్గించి నొప్పిని అణచుట దాని పని. నడుము పట్టు కొంత వదలినది గాని కాలి మంట వదలలేదు; పైగా కడుపులో మంట మొదలైనది. తరువాత ట్రమడాల్. 2018లో కేంద్ర ప్రభుత్వము మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిన మందు అది. దానిని వేసుకొన్న దినములలో అమ్మకు అన్నము చూచిననే వాంతి వచ్చేది. పిమ్మట ప్రీగాబలిన్, 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుమార్లు. మంట కొంత తగ్గినది. అమ్మ కూడా తగ్గిపోయినది. కూర్చున్నచోటనే తూగేది. పాదములు ఉబ్బినవి. మిషను ముందు కూర్చొనుటకే భయపడినది. “నొప్పి ఉన్నప్పుడైనా నేను నేనుగా ఉంటిని” అన్నది. ఆ మాట విని మరొక వైద్యుని వెదకినాము.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారు. ఎల్.బి. నగర్ నుండి మెట్రోలో మూడవ స్టేషను. 2018 సెప్టెంబరులో ఆ రైలు వచ్చిన పిదప అమ్మకు బస్సు కుదుపుల బాధ తప్పినది. ఆయన స్కానింగు కాగితములను ప్రక్కన పెట్టి, “నొప్పి ఎట్లుంటుందమ్మా?” అని అడిగినారు. “కాలికి కారము పూసినట్లు, నడుమ నడుమ కరెంటు తగిలినట్లు” అన్నది అమ్మ. దెబ్బతిన్న నరము కారణము లేకయే మెదడునకు వార్తలు పంపుననియు, వాపు మందులు దానికి చాలవనియు, అందుచేతనే మూర్ఛకు, మనోవ్యాకులతకు పుట్టిన మందులు ఇక్కడ వాడుదురనియు ఆయన వివరించినారు. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులపై పరీక్షించగా ప్రీగాబలిన్ ఉత్తుత్తి మాత్రకన్న మేలనిపించుకోలేదట. “అందరికీ పడే మందు లేదు. మీకు పడేది వెదకుదాము” అన్నారు.

గుండె పరీక్ష చేయించి, ప్రీగాబలిన్‌ను మెల్లమెల్లగా మాన్పించి, రాత్రిపూట అమిట్రిప్టిలీన్ 10 మిల్లీగ్రాములు వ్రాసినారు. 1961 నుండి వ్యాకులతకు వాడుకలోనున్న పాత మందు అది. నరముల నొప్పికి ఆ మోతాదులో కొద్దిగా చాలును. మాకు కూడా ఒక పని అప్పగించినారు: నిద్ర ఎన్ని గంటలు, నడక ఎంత దూరము, జాకెట్లు ఎన్ని, దినదినము వ్రాయవలెను.

మొదటి వారమంతయు “నోరు ఎండినది, ఉదయము మత్తు” అనియే వ్రాసినాము. వైద్యుని సలహాపై మాత్రను పెందలకడనే ఎనిమిది గంటలకు మార్చగా మత్తు తగ్గినది. మూడవ వారమున అమ్మ ఏకధాటిగా ఐదు గంటలు నిద్రించినది. ఆరవ వారమున రోజుకు రెండు జాకెట్లు. నొప్పి పోయినదా? పోలేదు. పదింట ఎనిమిదిగా ఉన్నది నాలుగైనది. మిగిలిన నాలుగింటితో అమ్మ వంట చేయుచున్నది, కుట్టుచున్నది, మమ్ము కసరుచున్నది.

ఇదే మాత్ర మరొకరి ఇంట పడకపోవచ్చును. వైద్యుని అడుగక వేసుకొనవలసినది కాదు, ఒక్కసారిగా మానవలసినదియు కాదు. విద్యార్థి మిత్రులు తమ ఇంట నొప్పితో ఉన్న పెద్దలను “తగ్గినదా?” అని మాత్రమే అడిగిన, వారు మనకోసము “తగ్గింది” అనియే చెప్పుదురు. “రాత్రి నిద్ర పట్టినదా? ఎంత దూరము నడిచినారు? ఏ పని చేయగలిగినారు?” అని అడిగి, ఆ జవాబులను వ్రాసి వైద్యునికి చూపవలెను. మందు పడినదో లేదో ఆ కాగితము చెప్పును.