మస్కట్‌లో ఒక గోడపత్రిక కార్యాలయము

రూవీ బజారు వెనుక కొండలను చీల్చుకొని పోవు మార్గమున, ఆగస్టు మాసపు సాయంకాలము, ఏసీ కారులో కూర్చుండియు చెమటలు తుడుచుకొనుచు, నా మేనల్లుని వెంట ఒక భారతీయ పాఠశాలకు పోవుచున్నప్పుడు, అక్కడ ఇద్దరు ముగ్గురు పిల్లల వ్యాసములు దిద్ది, ఒక కప్పు చాయ త్రాగి మరలి వత్తుననియే తలచితిని గాని, నలువది యేండ్లనాటి నా తప్పొకటి అక్కడ బల్లమీద కాగితమై నన్ను ఎదుర్కొనునని అనుకొనలేదు. సికింద్రాబాదులో ఒక దినపత్రికకు చిరకాలము ఆటల వార్తలు వ్రాసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. "మామయ్యా, మా అమ్మాయి బడిలో గోడపత్రిక వేస్తారు. ఈ సంవత్సరం బళ్ల మధ్య జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నీ పిల్లలే రాస్తారట. ఆటలు మొదలవక ముందే ఏదో మీటింగు పెట్టుకున్నారు, మీరొకసారి రండి" అని మేనల్లుడు పిలిచినాడు. ఆటలు మొదలుకాక ముందే వార్తల కొరకు సభ చేయు పత్రికను నా ఉద్యోగ జీవితమున నేను చూచి యెరుగను; కుతూహలము కొద్దియే వెళ్లితిని.

హజర్ పర్వతముల కొనలు సముద్రమును తాకుచోట, చెట్టు లేని రాతిగుట్టల నడుమ మిగిలిన ఇరుకు లోయలలో మస్కట్ నగరము తునకలు తునకలుగా అమరియున్నది. ఒక్కొక్క లోయ ఒక్కొక్క పేట: మత్రా, దార్సైట్, వాదీ కబీర్, బౌషర్. చదునైన నేల ఇక్కడ బంగారముతో సమానము. అయినను ఏ పేటకు పోయినను, ఎండిన వాగు గులకరాళ్ల మీదనో, సముద్రతీరపు ఇసుకలోనో, రెండు ఇనుప కమ్ములు పాతి బంతి తన్నుచున్న బాలురు సంధ్యవేళ కనబడక మానరు. 1970లో సుల్తాన్ ఖాబూస్ సింహాసనము నెక్కునాటికి ఈ దేశము మొత్తమునకు ఉన్న ఆధునిక పాఠశాలలు మూడే యనియు, వానిలో చదువుకొనువారు సుమారు 900 మంది బాలురే యనియు చరిత్ర చెప్పును. అటువంటి దేశపు కుర్రవాండ్రు, పాతికేండ్లు తిరుగగనే, 1995లో ఈక్వెడార్ దేశమున జరిగిన 17 ఏండ్ల లోపువారి ప్రపంచ పోటీలలో నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ పోటీల ఉత్తమ క్రీడాకారునికిచ్చు బంగారు బంతి, బ్రెజిలువానికిని గాక, అర్జెంటీనావానికిని గాక, మహమ్మద్ అల్ కథీరీ అను ఒమానీ బాలునికి దక్కెను. ఆ వెనుక 1996లోను, 2000లోను ఆసియా ఖండపు బాలుర కిరీటము సయితము వారిదే. బడియీడు ఫుట్‌బాల్ ఈ దేశమున చిన్న విషయము కాదని చెప్పుటకే ఈ మాటలు.

భారతీయ పాఠశాలలు దేశమంతట ఇరవై పైచిలుకు గలవు. 1975లో మస్కట్‌లో మొదలైన బడి వానిలో పెద్దక్క. ఏప్రిల్‌లో చదువులు ప్రారంభమై, జూన్ జూలైలు ఎండకు వెరచి సెలవులిచ్చి, ఆగస్టులో మరల గంట కొట్టుదురు. ఆటలు మాత్రము గాలి చల్లబడిన తరువాతనే. కావున ఆగస్టు సెప్టెంబరులు విలేఖరులకు దుక్కి దున్నుకొను కాలమని అక్కడి డ్రిల్లు మాస్టారు నాతో ననెను. ఆయన మలయాళీ, త్రిశూరు ప్రాంతమువాడు, పదునెనిమిదేండ్లుగా ఇక్కడనే యుండి, మా వాండ్ర సహవాసమున నాలుగు తెలుగు మాటలు నేర్చినవాడు. ఆ నాలుగింటిలో మూడు తిట్లే యని పిల్లలు నాకు రహస్యముగా తెలిపిరి.

సభ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో జరిగెను. పదునొకండుగురు పిల్లలు, కడపవారు, నిజామాబాదువారు, కొచ్చివారు, తిరునెల్వేలివారు, పూణేవారు. మా మేనల్లుని కూతురు పదవ తరగతి, ఆమెయే సంపాదకురాలు. లోలకములు వ్రేలాడు ఇనుప స్తంభములను ప్రక్కకు నెట్టి, బల్లమీద ఒక పెద్ద కాగితము పరచి, దానిపై స్కేలుతో గీతలు గీయుచుండిరి. నేను ఊహించినట్లు, ఎవ్వరు ఏ మ్యాచ్‌కు పోవలెనను పంపకము కాదది. ప్రతి బడికి పంపవలసిన పట్టిక. ఆటగాని పేరు, చొక్కా సంఖ్య, తరగతి, ఆడుచోటు, ఎడమకాలో కుడికాలో, ఇంతే. ఇంటి చిరునామా, ఫోను సంఖ్య అడుగరాదని పైన ఎర్రసిరాతో వ్రాసియుండెను. ఛాయాచిత్రము వేయుటకు తల్లిదండ్రుల సంతకమునకు వేరొక గడి. పేరు గడి క్రింద ఒక నియమము: ఈ గడిని మాస్టారు నింపరాదు, ఆటగాడే తన చేతితో నింపవలెను.

ఆ నియమమెందుకని యడిగితిని. "తాతయ్యా, పోయిన ఏడు ఒక టీములో ముగ్గురు సాయిలు, ఇద్దరు మహమ్మద్‌లు. మనవాళ్లకి ఇంటిపేరు ముందు, మలయాళం వాళ్లకి ఇనీషియల్ వెనక. ఒమానీ బడితో ఫ్రెండ్లీ ఆడితే వాళ్ల టీములో నలుగురు బలూషీలు. ఎవరు ఏ పేరుతో పిలిపించుకుంటారో వాళ్లే రాయాలి గదా" అని ఆ పిల్ల చెప్పెను. పేరున కక్షరములు తప్పిన విలేఖరికి ఎంత చక్కని వాక్యమున్నను మిగులదు. ఆ సంగతి నేను ఆ పిల్ల యీడున నేర్చుకొనలేదు. ముప్పదియవ యేట, అవమానపడి నేర్చుకొంటిని.

చెప్పెదను. సికింద్రాబాదులో రెండు ఉన్నత పాఠశాలల నడుమ ఫైనల్ మ్యాచ్. సున్నకు సున్న, పిదప పెనాల్టీలు. గెలిచిన జట్టు గోల్ కీపర్ రెండు బంతులు పట్టినాడు. గడియ తక్కువ, కార్యాలయము దూరము. క్రిందటి సంవత్సరపు జట్టు పేర్ల జాబితా నా సంచిలో నున్నది. దానిని చూచి పేరు వ్రాసి పంపితిని. మూడవనాడు ఒక పదునైదేండ్ల బాలుడు కత్తిరించిన వార్తముక్కను నోటు పుస్తకములో దాచుకొని వచ్చి, కోపమేమియు లేక, "సార్, ఇది మా అన్న పేరండి. వాడు పోయిన సంవత్సరమే పాసై వెళ్లిపోయాడు. మొన్న ఆడింది నేను" అనెను. సవరణ వేయింతునంటిని. అతడు, "వద్దులెండి, మా అమ్మ పేపరు ఫ్రేము కట్టించింది. ఇంట్లో అన్న ఫోటో పక్కన పెట్టింది. ఆమెకు చదువు రాదు" అని చెప్పి వెళ్లిపోయెను. ఆ పిల్లలకీ కథ చెప్పినప్పుడు ఎవ్వరును నవ్వలేదు. సంపాదకురాలు మాత్రము కలము తీసి, పట్టిక నెత్తిన ఒక పంక్తి చేర్చెను: పాత జాబితాలు చూసి నింపరాదు.

తరువాతి వాదము దూరములను గురించి. సొహార్ ఇంచుమించు 200 కిలోమీటర్లు, సూర్ అంతే, నిజ్వా 150, సలాలా యనినచో 1000 కిలోమీటర్లు, నడుమ ఎడారి. మస్కట్ ఎండలో మాడుచున్న ఈ దినములలోనే అక్కడ ఖరీఫ్ అను వానకాలపు తుంపర కురిసి కొండలు పచ్చబడి యుండును. ఒకే దేశమున రెండు ఋతువులు. అంతంత దూరము పిల్లలు పోజాలరు గదా! కావున ప్రతి బడిలో ఒక విద్యార్థి విలేఖరి, అతని ప్రక్కన ఒక ఉపాధ్యాయుడు. పిల్లలు బడికి ఫోను తేరాదు గనుక ఉపాధ్యాయుని ఫోనునుండి సగమాటకొక సందేశము, ముగింపునకొక సందేశము. ముగింపు సందేశము పంపుటకు ముందు రిఫరీని అడిగి గోల్ కొట్టినవాని సంఖ్య సరిచూచుకొనవలెను. శుక్ర శనివారములు ఇక్కడ సెలవులు. 2013 మే నెల వరకు గురు శుక్రవారములుండెడివి. శుక్రవారపు మ్యాచ్‌లు మగ్రిబ్ అను సూర్యాస్తమయపు నమాజు ముగిసిన పిమ్మటనే మొదలగును. ఆదివారము ప్రొద్దుట బడి తెరచుసరికి గోడమీద కాగితము అంటియుండవలెను. నడుమ శనివారమున్నది గనుక మా దినపత్రికల కంటె వీరిదే సుఖమని నాకు తోచినది. అయితే వారికి శనివారము ట్యూషన్లట.

మైదానమెటువంటిదో తప్పక వ్రాయవలెనని కొచ్చి బాలుడొకడు పట్టుబట్టెను. కొన్ని బడులకు ప్లాస్టిక్ గడ్డి, కొన్నింటికి ఇసుక, కొన్నింటికి గులకనేల. గులకనేలమీద ముందువరుస ఆటగాండ్రు బంతి వెంట పరుగెత్తుదురే గాని పడరు. పడువాడు గోల్ కీపర్ ఒక్కడే. ఆ మాటతో ఆనాటి అసలు విషయము బయటికి వచ్చినది.

ఆ పట్టికలో గోల్‌లు కొట్టినవారికి గడులుండెను, నిమిషములకు గడులుండెను, పసుపు కార్డులకు సయితము ఉండెను. నిజామాబాదుకు చెందిన తొమ్మిదవ తరగతి బాలిక, అంతవరకు నోరు మెదపనిది, లేచి, "గోల్ కీపర్ ఆపిన బంతులకు గడి ఏది?" అని యడిగెను. ఆమె తమ్ముడు చిన్నల జట్టులో గోల్ కీపరట. ఆపినది లెక్కలోనికి రాదు గదా యని ఒకరు, అన్ని బంతులు లెక్కించువారెవరని యింకొకరు, ఏది ఆపుట, ఏది ఊరక పట్టుట యని వేరొకరు. తర్కము అరగంట సాగినది. నేను కలుగజేసుకొనలేదు. డ్రిల్లు మాస్టారు మెల్లగా లేచి, గోడకు తగిలించిన ఒమాన్ పటము ప్రక్కన నిలబడి, ఈ దేశపు ఫుట్‌బాల్ చరిత్రను గోల్ కీపర్లు వ్రాసినారని చెప్ప మొదలిడెను.

ఆయన చెప్పినది నిజము. 2009 జనవరిలో మస్కట్‌లో జరిగిన గల్ఫ్ కప్పును ఒమాన్ తొలిసారి గెలిచినప్పుడు, ఐదు మ్యాచ్‌లలో ఒక్క గోల్ సయితము వారిమీద పడలేదు. సౌదీతో ఫైనల్ సున్నకు సున్నగా ముగియగా, పెనాల్టీలలో 6–5 తేడాతో కప్పు దక్కెను. గోల్ కాచినవాడు అలీ అల్ హబ్సీ. అగ్నిమాపక ఉద్యోగము చేసినవాడు, నార్వేకు పోయి, అక్కడినుండి 2006లో ఇంగ్లండు బోల్టన్ జట్టున చేరినవాడు. మరల 2018 జనవరి 5న కువైట్‌లో ఎమిరేట్స్‌తో ఫైనల్. అదియు సున్నకు సున్నయే. ఆట ముగియవచ్చుచుండగా ఎమిరేట్స్ ఆటగాడు ఒమర్ అబ్దుల్ రహ్మాన్ కొట్టిన పెనాల్టీని ఒమాన్ గోల్ కీపర్ ఫాయిజ్ అల్ రుషైదీ ఆపెను. పిదప పెనాల్టీల పోటీలో అదే ఆటగాడు కొట్టిన బంతిని మరల ఆపెను. రెండు కప్పులకును రెండు సున్నలు! గోల్‌లు మాత్రమే వ్రాయు పత్రికకు ఆ రెండు రాత్రులును చెప్పదగిన దేమియు లేదు.

ఆ మాట వినిన తరువాత నేను నోరు విప్పితిని. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతము దక్షిణ కొరియాను 2–1తో గెలిచిన ఫైనల్‌లో గోల్‌లు కొట్టిన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్‌ల పేర్లు పాతవారికి జ్ఞప్తియున్నవి. ఆ దినమున గోల్ కాచిన పీటర్ తంగరాజ్ పేరు ఎందరికి తెలియును? ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబు మా హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవాడని చెప్పగా, డ్రిల్లు మాస్టారి మొగము వికసించినది. క్రికెట్‌కు పుటలు వదలి ఫుట్‌బాల్‌కు మూల చూపు మన తెలుగు పత్రికలను గూర్చి ఆ సందర్భమున రెండు మాటలంటిని. అవి ఇక్కడ వ్రాయను, నేనును ఆ మూలలను నింపినవాడనే గనుక.

గడి చేరినది. దానికి 'ఆపినవి' అని పేరు పెట్టిరి. గోల్ వైపు వచ్చు బంతిని చేతితోగాని కాలితోగాని ఆపినచో ఒక గీత. గోల్ వెనుక కూర్చుండి లెక్కించుటకు ఒక్కొక్క కొసకు ఒక్కొక్క విలేఖరి.

తెగని వివాదము ఒకటి మిగిలినది. పొరపాటున తన జట్టు గోల్‌లోనికే బంతిని పంపిన పిల్లవాని పేరు వ్రాయవలెనా? పదమూడేండ్లవాడు; ఆదివారము తరగతికి రావలె; గోడమీది కాగితమును బడియంతయు చదువును. పేరు లెక్కల పుస్తకములో నుంచి, గోడమీద వదలివేయుడని నేను సలహా యిచ్చితిని. మాస్టారును అదియే యనెను. సంపాదకురాలు ఒప్పుకొనలేదు. "తాతయ్యా, గోల్ కొట్టినవాడి పేరు రాసి, తప్పు కొట్టినవాడి పేరు దాస్తే, మేము కొట్టినవాడిని పొగడ్డం కూడా నిజం కాదనుకుంటారు" అనెను. ఆమె వాదమున బలమున్నది. అయినను నా అభిప్రాయము నేటికిని మారలేదు: బడి గోడ న్యాయస్థానము కాదు, పదమూడేండ్లవాని పేరు ప్రక్కన తప్పును వ్రాయుటకు ఆదివారము ప్రొద్దుటి అవసర మేమియు లేదు. దీనిపై అన్ని బడుల ఉపాధ్యాయులను అడిగి నిర్ణయింతుమని సభ ముగించిరి.

బయటికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకినది. సముద్రపు తడిగాలి, ఉడికిన అన్నపు ఆవిరివలె, మొగమునకు తగిలినది. మైదానమున దీపములు వెలుగుచుండగా నలుగురు కుర్రవాండ్రు ఆ ఉక్కలోనే సాధన చేయుచుండిరి. ముగ్గురు కొట్టువారు, ఒకడు ఆపువాడు. ఆపువాడు మా నిజామాబాదు బాలిక తమ్ముడే. ఆమె కంచె దగ్గర నిలుచుండి, కొత్త గడికి పరీక్షగా, అట్టపై గీతలు గీయుచుండెను. నేను చూచినంతసేపటిలో పదునొకండు బంతులు వచ్చినవి. ఆరింటికి గీతలు పడినవి. మిగిలిన అయిదింటిలో ఒకటి స్తంభమునకు తగిలి పోయినది గనుక దానిని అక్క లెక్కించలేదు. తమ్ముడు లెక్కించవలెనని కంచెకు ఆవలినుండి కేకలు వేయుచుండెను.

పట్టికలు సెప్టెంబరు 15లోగా అన్ని బడులనుండి తిరిగి రావలెను. మొదటి మ్యాచ్ అక్టోబరు తొలి శుక్రవారము, మగ్రిబ్ తరువాత.