నాన్నగారి స్పీకర్లు... మార్చడమా, మరమ్మతా?

నాన్నగారు 1982లో కొన్న స్టీరియో స్పీకర్లు ఈ మధ్య మృదంగం మోగినప్పుడల్లా చిరిగిన డప్పులా గరగరలాడుతున్నాయి! విప్పించి చూస్తే కాగితపు కోన్ నిక్షేపంగానే ఉంది. దాని చుట్టూ ఉండే ఫోమ్ అంచే... వేలు తగిలిందో లేదో పిండిలా రాలింది. ఆ జాతి ఫోమ్ ఇరవై ఏళ్ళు నిలిస్తే గొప్ప. 2004లో నాన్నగారే ఒకసారి మార్పించారు. ఇప్పుడు ఆయన లేరు, నిర్ణయం నా నెత్తిన పడింది.

కోఠీ గుజరాతీ గల్లీలో కుర్రాడొకడు, "ఇవెందుకన్నా! బ్లూటూత్‌ది తీస్కపో, అరచేతిల పడ్తది" అన్నాడు. పడుతుంది, కాదనను. కొత్త జత కొందామా అంటే, పత్రికలకు రాసుకు బతికేవాడి జేబు సంగతి మీకు తెలియనిదా! పైగా ఘంటసాల గారి పాటలు చాలామటుకు మోనోయే, రెండు స్పీకర్లూ ఒకటే మాట చెబుతాయి. మరి ఈ జంట దేనికంటారా? అమ్మకి ఆ పాట ఆ గొంతులోనే వినబడాలి మరి!

ముసలి మెకానిక్ గారు మాత్రం, "అంచులు అతికిస్తా, క్రాసోవర్‌లో ఎండిన కెపాసిటర్లు మారుస్తా. ట్వీటర్ మాత్రం ముట్టుకోను, గొంతే మారిపోతది" అన్నారు. సరేనన్నాను. జిగురు ఆరాలట, ఎల్లుండి రమ్మన్నారు. అమ్మ అప్పుడే రికార్డులు తుడుస్తోంది.