పడవలో పొయ్యి

పడవలో పొయ్యి పెట్టడానికి అమెరికా వెళ్లొచ్చానంటే మా కుకునూరుపల్లిలో ఎవరూ నమ్మలేదు. "ఆడ పొయ్యి పెట్టెటోళ్లే లేరా?" అని చాయ్ హోటల్లో నవ్వారు. లేకేం, ఉన్నారు. గంటకు వాళ్లడిగే కూలీ విన్నాకే మావాడికి నేను గుర్తొచ్చాను.

డీజిల్ ఇంజిన్లు బాగుచేసి బతికినవాణ్ని నేను. ఊరూరా కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద కిర్లోస్కర్లు, పీటర్ ఇంజిన్లే కదా! పడవల సంగతి మాత్రం బొత్తిగా తెలియదు. బోరు వేస్తే నీళ్లకు బదులు దుమ్ము లేచిన రోజులు చూసినవాళ్లం. 2022లో మల్లన్నసాగర్ ప్రారంభమై 50 టీఎంసీల జలాశయం పక్కకొచ్చినా, అంత నీటిని చూడ్డం మాకింకా కొత్తే.

తెరచాప పడవంటే హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు తిప్పే చిన్నవే నాకు తెలుసు. వాటిలో కూర్చోవడానికే చోటుండదు. సియాటిల్‌లో మావాడు కొన్నది వేరే రకం. ముప్పై అడుగుల పాత పడవ. మెట్లు దిగితే కింద గది, నాలుగు పడకలు, మూలన వంట గట్టు. అచ్చం లారీ క్యాబిన్‌లా అనిపించింది. ఇలాంటి పడవల్లోనే జనం సముద్రాలు దాటతారట. 2017-18లో మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి మరో నలుగురు నౌకాదళ అధికారిణులతో కలిసి తారిణి పడవలో 254 రోజుల్లో భూమిని చుట్టొచ్చారు. మావాడికి అంత ధైర్యమేం లేదు. శనివారం వెళ్లి ఆదివారం ఇంటికొచ్చే బాపతు.

చలి ఎలా ఉంటుందంటే, అక్కడి సముద్రపు నీళ్లు చలికాలంలో ఎనిమిది తొమ్మిది డిగ్రీలకు దిగుతాయి. పడవ అడుగుభాగమంతా ఆ నీళ్లలోనే నానుతూ ఉంటుంది. లోపల నలుగురు ఊపిరి పీల్చి వదిలితే చాలు, గోడలకు చెమట పట్టి పరుపుల కింద బూజు వస్తుంది. "వంటకు గ్యాస్ పొయ్యి ఉందిగా, అదే వెలిగించి పెడితే పోదా?" అన్నాను. "తేమ ఇంకా పెరుగుద్ది బాపూ" అన్నాడు. లెక్క చెబితే ఆశ్చర్యపోయాను. ఒక లీటరు డీజిల్ కాలితే లీటరుకు కాస్త ఎక్కువే నీళ్లు ఆవిరిగా బయటికొస్తాయట. గ్యాస్ కాలినా ఆవిరి పుట్టడం తప్పదు. జీవితమంతా డీజిల్‌తో గడిపినవాడికి ఇన్నాళ్లూ ఎవరూ ఈ ముక్క చెప్పలేదు!

అందుకే ఈ డీజిల్ హీటర్‌లో మంటకూ గదిలోని గాలికీ సంబంధం ఉండదు. మూసి ఉన్న చిన్న గదిలో మంట మండుతుంది. దానికి కావలసిన గాలి ఒక గొట్టంలోంచి బయటినుంచే వస్తుంది, పొగ మరో గొట్టంలోంచి బయటికే పోతుంది. వేడెక్కిన ఆ లోహపు గది చుట్టూ ఫ్యాన్ గాలి తిరిగి, ఆ వెచ్చని గాలే మన దగ్గరికి వస్తుంది. జర్మనీవాళ్లు లారీల కోసం, కార్ల కోసం చేసిన ఏర్పాటు పడవల్లోకీ వచ్చింది. సామాను రొట్టెల డబ్బా అంత ఉంటుంది. బిగించే పని మాత్రం రెండు రోజులు పట్టింది.

డీజిల్ దగ్గర నాకెవరూ నేర్పక్కర్లేదు. పడవ ఇంజిన్ ట్యాంకులోకే ఇంకో సన్నగొట్టం దించాం, అడుగుకు తగలకుండా పైకే ఆపాం. అడుగున మడ్డి, నీళ్లు చేరతాయి. పైగా హీటర్ రాత్రంతా తాగినా, తెల్లారి ఒడ్డుకు చేరడానికి ఇంజిన్‌కు కొంత మిగులుతుంది. చిన్న పంపును వాలుగా, డీజిల్ బయటికెళ్లే కొస పైకుండేలా బిగించాలి. ఎందుకని అడగబోయి ఆగిపోయాను. గాలి బుడగ పైకి పోవాలి కదా! పంపుసెట్టుకు ఎయిర్ పడితే ఎన్నిసార్లు నట్టు వదులుచేసి తీయలేదు? ముట్టించే హీటర్ ప్లగ్ కూడా మన జీపుల్లో ఉన్న బాపతే. మొదట్లో ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ దూరమని మావాడు సన్నతీగ తెచ్చాడు. లో వోల్టేజీతో కాలిపోయిన మోటార్లను మోసిన చేతులివి. లావు తీగ కొనిపించాను.

అసలు పని పొగగొట్టానిది. ముట్టుకుంటే చర్మం ఊడొచ్చేంత వేడి. దానికి వేడి ఆపే పట్టీ చుట్టి, అల లోపలికి రాకుండా ముందు పైకి లేపి మెడలా వంచి, వెనక గోడలోంచి బయటికి తీశాం. గాలి పీల్చే గొట్టం నోరు పొగ నోటికి దూరంగా పెట్టాం. ఒక్కో అతుకూ సబ్బునీళ్లతో నేనే చూశాను.

రెండోరోజు సాయంత్రం స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, తెల్లపొగ కాస్త వచ్చి ఆగింది. పంపు టిక్కు టిక్కుమంటుంటే వెచ్చటి గాలి కాళ్లకు తగిలింది. మనవరాలు అప్పుడే దుప్పటి పరిచేసింది. "తాతా, ఇయ్యాల ఇక్కడే పడుకుందాం."

విషవాయువు అలారం ఇంకా తేలేదు. దుకాణం మూసేశారు.

"అన్నీ చూసినం గదా బాపూ, రేపు పెట్టుకుందాం తియ్యి" అన్నాడు మావాడు.

"పెట్టినంకనే పండుడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. హీటర్ ఆపించాను. ఆపగానే ఆగదది, మూడు నాలుగు నిమిషాలు ఫ్యాన్ తిరిగి చల్లబడ్డాకే నిలుస్తుంది. అందాకా ఎవరూ మాట్లాడలేదు. పిల్ల మూతి ముడుచుకుని కారెక్కింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, పుష్యమాసం చలిలో, మా పెద్దక్క తొలికాన్పుకు ఇంటికొచ్చింది. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీకి గోనెపట్టా కట్టి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు బిగించారు. తెల్లారి తలుపు తోస్తే అక్క పిలిస్తే పలకలేదు. బయటికి మోసుకొచ్చాక వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. పదకొండు రోజుల పిల్లాడు తెరవలేదు. గాలి సోకిందన్నారు. భూతవైద్యుణ్ని పిలిచారు. ఆ గదిలో తర్వాత ఎవరూ పడుకోలేదు, వడ్లు పోసుకున్నారు. బుద్ధి తక్కువ తల్లి అని అత్తగారింట్లో అక్కను చాలాకాలం అన్నారు.

సోకింది గాలే. బొగ్గులు చాలినంత గాలి లేకుండా మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు ఎక్కవలసిన చోట అంతకు రెండొందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి లేవాలన్న తెలివి కూడా ఉండనీయదు. మరునాడు కొన్న అలారం పెట్టెలోని కాగితాన్ని మావాడు చదివి వినిపిస్తుంటే, తలనొప్పి, వాంతి, మగత అని వరుసగా వస్తుంటే, నేను పడవ మెట్ల మీద కూలబడ్డాను. వాడు చలికనుకున్నాడు.

అలారాన్ని పడకల దగ్గర బిగించాం. ఆ రాత్రి ముగ్గురం అక్కడే పడుకున్నాం. పిల్ల పది నిమిషాల్లో నిద్రపోయింది. నేను టిక్కు టిక్కులు లెక్కపెడుతూ తెల్లవార్లూ మేలుకున్నాను.

వచ్చేటప్పుడు బ్యాటరీతో పనిచేసే అలారం ఇంకోటి కొని పెట్టెలో తెచ్చుకున్నాను. అక్కకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. చలికాలం వస్తే ఈనాటికీ మంచం దగ్గర కుంపటి పెట్టుకుంటుంది, తలుపు మాత్రం బార్లా తీసే ఉంచుతుంది. చలి కదా అని ఎవరైనా మూయబోతే తిడుతుంది. అలారం గోడకు కొడుతుంటే, "ఏందిరా అది?" అంది.

"పొగొస్తే మొత్తుకుంటది" అన్నాను.

"తలుపు తెరిచే ఉంటది గదరా" అంది.

ఆమెకు చదువు రాదు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని చాలా రోజులు రాయకుండా ఆగాను. తర్వాత, వినిపిస్తేనే మంచిదనుకున్నాను.