సగంలో ఆగిన చేతులు

మేం నలుగురం ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లం. మా తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాకు పొద్దు గుంకడమంటే క్వార్టర్ల వెనక, సిగ్నల్ స్తంభాల మధ్య కాసేపు ఎర్రబడే ఆకాశమే. కొండల్లో చూద్దామని మొన్న చలికాలంలో రైల్లో పురూలియా వెళ్లి, అక్కడి నుంచి జీపులో అయోధ్య కొండలెక్కాం.

ఆ పేరు చుట్టూ రామకథ అల్లుకుని ఉంది. అక్కడి ఒక శిఖరం పేరు మాత్రం గోర్గాబురు. సంతాలీలో బురు అంటే కొండ. సాల చెట్ల మధ్య గుడారం వేసుకుని, సాయంత్రం రాళ్లు పట్టుకుని పక్క గుట్ట మీదికి పాకాం.

మాలో ఒకడు కెమెరాతో వెనక నిలబడ్డాడు. సూర్యుడి రంగు దక్కాలంటే లోపలికి వచ్చే వెలుతురు తగ్గించాలి. తగ్గిస్తే ముందున్న మనుషులు నల్లని ఆకారాలవుతారు. అలాగే తీశాడు.

చీకటి పడ్డాక గుడారంలో ఫొటోలు చూసుకున్నాం. ఒకదానిలో ముగ్గురం నల్లగా నిలబడి ఉన్నాం. మా మిత్రుడొకడి చేతులు మాత్రం ఛాతీ దాకా లేచి, కలవబోయి, సగంలో ఆగిపోయాయి. మేమందరం దీక్ష తీసుకున్నవాళ్లమే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు మేమూ చేశాం.

"తీసెయ్‌రా అది. ఎవరైనా చూస్తే నవ్వుతారు" అన్నాడొకడు.

ఆ మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా అమ్మ రోజూ పొద్దుకి దండం పెట్టీది. నన్నూ పక్కన నిలబెట్టీది. ఆ ఎరుపు చూడగానే చేతులు లేచిపోనాయి. ఎందుకు లేపానో తెలిసి ఆపేశాను."

అమ్మ పోయి ఏడాదైనా కాలేదు. మాకెవరికీ నవ్వు రాలేదు.

అంచున మనకు కనిపించే సూర్యుడు నిజానికి అప్పటికే దిగిపోయి ఉంటాడు. గాలి పొరలు కాంతిని వంచడం వల్ల ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపిస్తాడు. ఆ కాంతి గాలిలో ఎక్కువ దూరం రావడంతో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అన్నిటికీ కారణం ఉందన్నాడు బుద్ధుడు. చేతులు లేవడానికీ కారణం ఉంది. తరతరాల అలవాటు ఒక దీక్షతో రాలిపోదు. అది లేచినప్పుడు గమనించి ఆగడమే మా సాధన. ఆ ఫొటోలో మాకు కనిపించింది ఓటమి కాదు, ఎరుక కలిగిన క్షణం.

ఉంచాలా, తీసెయ్యాలా అన్నది అతనికే వదిలేశాం. ఖరగ్‌పూర్ చేరాక దాన్ని కాగితం మీద తీయించుకున్నాడు. ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటీ లేదట. బాబాసాహెబ్ పటం పక్కన ఇప్పుడు ఆ ఫొటోనే ఉంది.