యు లేని క్యూ

స్క్రాబుల్ ఆడేవారికి క్యూ అక్షరమంటే ఆశ ఎంతో, భయమూ అంతే. సంచిలోని 100 బిళ్ళలలో అది ఒక్కటే. విలువ 10 పాయింట్లు. చేతికి వస్తే సంపదే. కాని జతగా యు రాకపోతే ఆ సంపద బరువవుతుంది. ఆట ముగిసేవేళకు చేతిలో మిగిలిన బిళ్ళల విలువను ఆటగాని లెక్కలోంచి తగ్గిస్తారు. క్యూ తరువాత యు రాక తప్పదని బడిలో నేర్చుకొన్న పిల్లవాడు ఆ బిళ్ళను పట్టుకొని చివరిదాకా యు కోసం నిరీక్షిస్తాడు.

అనుభవజ్ఞులు నిరీక్షించరు. వారికి కొన్ని ఐదక్షరాల మాటలు కంఠస్థం. ఫకీర్, నికాబ్, తలాక్, కిబ్లా, బుర్కా, కనాత్ - ఇంగ్లీషులో రాస్తే ఇవన్నీ ఐదేసి అక్షరాలు. అన్నిటిలోను క్యూ ఉంది. దేనిలోను దాని తరువాత యు లేదు. అంతర్జాతీయ పోటీలకు ప్రమాణమైన కాలిన్స్ పదపట్టికలో ఇవి చెల్లుతాయి. ఫకీరుకు 17 పాయింట్లు! చిల్లిగవ్వ లేనివానికి ఇంత విలువ కట్టిన చోటు మరొకటి ఉండదు.

ఐదు అనే సంఖ్య కూడ పూర్తిగా యాదృచ్ఛికం కాదు. అరబ్బీలో అధిక భాగం మాటలకు మూడు హల్లులే మూలధాతువు. వాటి నడుమ రెండు అచ్చులు చేరితే రోమన్ లిపిలో ఐదు అక్షరాలు అవుతాయి. ఫకీరు, నికాబు, తలాకు ఆ అచ్చులో పోసినవే.

ఈ ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాకు చెందిన వాస్తుశిల్పి. 1930ల ఆర్థిక మాంద్యంలో పని కోల్పోయి, వార్తాపత్రికలు ముందు వేసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించాడు. ఆ లెక్కను బట్టే బిళ్ళల సంఖ్యను, విలువను నిర్ణయించాడు. ఆయన చూసినవి ఇంగ్లీషు పత్రికలు కనుక క్యూ అపురూపమైంది. బాగ్దాదు పత్రికలలో కాఫ్ అక్షరాన్ని లెక్కించి ఉంటే దానికి 10 పాయింట్లు దక్కేవి కావు.

నిజానికి క్యూ, కాఫ్ తోబుట్టువులు. ఫినీషియనుల లిపిలోని ఒకే అక్షరం ఒకవైపు అరబ్బీకి, మరొకవైపు గ్రీకుల మీదుగా లాటిన్‌కు చేరింది. గ్రీకులు దానిని మాటలలో వదలివేసి, 90 అనే అంకెకు గుర్తుగా మాత్రం ఉంచుకొన్నారు. యును జతచేసింది లాటిన్. పాత ఇంగ్లీషులో రాణి అనే మాటను సి, డబ్ల్యులతో మొదలుపెట్టేవారు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాతనే అక్కడి లేఖకులు క్యూ, యుల జంటను వాడుకలోకి తెచ్చారు. కనుక యు లేని మాటలు నియమం తప్పినవి కావు. ఆ అక్షరపు తొలి ధ్వనిని, కొండనాలుక దగ్గర పుట్టే ఆ ‘క’ను, గుర్తుచేసేవి.

ఈ మాటలలో తెలుగువారు పొరపడేది కనాత్ విషయంలో. తెలుగులో కనాతు అంటే గుడారపు తెర. ఆటలో 14 పాయింట్లు తెచ్చే కనాత్‌కు నిఘంటువు చెప్పే అర్థం వేరు: భూగర్భ జలాన్ని ఏటవాలు సొరంగం గుండా, ఏ యంత్రమూ లేకుండా, ఊరిదాకా నడిపించే పారసీక కాలువ. అటువంటివి బీదరులో బహమనీల కాలంలోను, బుర్హాన్‌పూరులో మొగలుల కాలంలోను తవ్వారు.

తలాకుకూ 14 పాయింట్లే. బల్ల మీద ఆ మాట పేర్చినవాడు పాయింట్లు రాసుకొని ముందుకు సాగుతాడు. అదే మాటను మూడుసార్లు వినిపించి భార్యను ఒక్క క్షణంలో వదలివేసే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు. 2019లో వచ్చిన చట్టం దానిని నేరంగా చేసింది.

నిజాం కాలపు బడిలో ఉర్దూ అక్షరాలు దిద్దిన తరం ఇప్పుడు బాగా పలుచబడింది. అలాంటి పెద్దలు మనుమల ఇంగ్లీషు ముందు నోరు మెదపక, ఆటకు దూరంగా కుర్చీలో కూర్చొంటారు. మనుమరాలు క్యూ పట్టుకొని దిగులుపడుతున్నప్పుడు, “ఫకీరులో ఉన్నది కాఫే కదమ్మా, అది వేసి చూడు” అని చెప్పగలిగినవారు ఆ ఇంట వారొక్కరే.

తెలుగు లిపిలో కాఫ్‌కు వేరే అక్షరం లేదు. అది ‘క’లోనో ‘ఖ’లోనో కలిసిపోయింది, దక్కనీ ఉర్దూలో ‘ఖ’గా మారడం హైదరాబాదు వీధులలో నేటికీ వినబడుతుంది. కలం, తాలూకా, ఇలాకా, ఖరారు, ఖైదీ - అన్నిటి మూలంలోను ఆ అక్షరమే. హక్కు అనే మాటా అంతే. మూలాన్ని అనుసరించి రోమన్ లిపిలో రాయాలంటే దానికి రెండు క్యూలు కావాలి. సంచిలో ఉన్నది ఒక్కటే.