నాడి చూడాలి... ఆపకూడదు!

ఫోను ఉన్నట్టుండి బిగుసుకుపోతే ఎవరైనా ఏం చేస్తారు? ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ చదివే కుర్రాడికైతే అసలు పని అక్కడే మొదలు... ఎందుకు ఆగింది?

ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండేది లినక్స్ కెర్నల్. మెమరీ, తెర, బ్యాటరీ అన్నింటినీ చూసుకునే ఇంటిపెద్ద లాంటిది. జరిగిందంతా చిట్టా రాస్తుంది. ఒక్కోసారి ఆ రాతే కొంప ముంచుతుంది!

చిట్టా ఉన్న పెట్టెకు తాళంచెవి ఒక్కటే అనుకోండి. అది పట్టుకుని ఒకరు రాస్తున్నారు. ఇంతలో మరొకరు పరుగున వచ్చి, 'ముందు నాది రాయాలి, అందాకా కదలొద్దు' అన్నారు. మొదటివారు కదిలితేగానీ తాళంచెవి రాదు. అది వస్తేగానీ రెండోవారి పని కాదు. అంతే... మెషీన్ మొత్తం కొయ్యబారిపోతుంది.

అందుకే 2020 డిసెంబరులో వచ్చిన లినక్స్ 5.10లో తాళం అక్కర్లేని చిట్టా పెట్టారు. ఎవరి గడిలో వాళ్లు రాసుకుంటారు. నిండితే పాత రాతల చోట కొత్తవి చేరతాయి.

నడుస్తున్న కెర్నల్‌ను ఆపకుండా, కావాల్సిన చోట లోపలి సంగతి కనిపెట్టే 'కేప్రోబ్స్' తొలిరూపాన్ని రాసింది ఐబీఎం ఇండియా ఇంజినీరు వంశీకృష్ణ. 2002 అక్టోబరులో... వరంగల్ ఆర్‌ఈసీ ఎన్‌ఐటీగా మారిన ఏడాదే! 2004లో అది లినక్స్‌లో చేరింది. దానికీ ఓ కట్టుబాటుంది. కేప్రోబ్స్‌ను నడిపించే కోడ్ మీదే నిఘా పెడతానంటే ఒప్పుకోదు.

నాడి చూసే చెయ్యి నాడిని నొక్కేయకూడదు కదా!